అమ్మాయి వరద గ్రాఫులు గీస్తుంటే మీకెందుకండీ కంగారు?

విజయవాడ సింగ్‌నగర్ నుంచి ఒక తండ్రి అడిగారు: "మా అమ్మాయి బీఎస్సీ స్టాటిస్టిక్స్ చివరి ఏడాది. ప్రాజెక్టంటూ రాత్రి పన్నెండింటి దాకా 'ఆర్' అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో ప్రకాశం బ్యారేజీ వరద గ్రాఫులు గీస్తోంది. మా తోడల్లుడి కొడుకు ఆరు నెలల డేటా సైన్స్ కోర్సులో చేరాడు. ఈమెనూ చేర్చాలా, ఎమ్మెస్సీకి పంపాలా?"

ఈ ప్రశ్న నాకు కొత్త కాదండీ. ఊరు మారుతుంది, బంధువుల అబ్బాయి మారతాడు, అంతే. మీ భయం కోర్సు గురించి కాదు, పిల్ల వెనకబడిపోతుందేమోనని. వెనకబడలేదు. ముందు ఆ టెన్షన్ వదలండి.

ఆమె ఏం చేస్తోందో పక్కన కూర్చుని ఒక్కసారైనా అడిగారా? ఫీజు కట్టడానికి సిద్ధపడ్డారు గానీ, ఆ పది నిమిషాలు మీకు దొరకలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు మీ పేటను ముంచిన రోజుల్లోనే బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. అలాంటి వరద సగటు లెక్కలకు అందదు. అందుకే ఏటా వచ్చిన గరిష్ఠ ప్రవాహాలను మాత్రమే తీసుకుని, వాటికి వేరే నమూనా అమరుస్తారు. దీనికి పునాది 1928లో గణాంక శాస్త్రవేత్తలు ఫిషర్, టిప్పెట్ వేశారు. ఇప్పుడు 'ఆర్'లోని 'ఎక్స్‌ట్రీమ్స్' ప్యాకేజీలో రెండు లైన్ల కోడ్ రాస్తే గ్రాఫు వచ్చేస్తుంది.

కష్టమంతా ఆ తర్వాతే. నమూనా అసలు లెక్కలకు ఎంత సరిపోయిందో చూపే క్యూక్యూ ప్లాట్‌లో చుక్కలన్నీ గీత మీదే ఉండి, కుడి కొసన రెండు మాత్రం పక్కకు జరిగాయనుకోండి. వాటిని కొట్టిపారేయకూడదు, ఊళ్లను ముంచేవి అవే. ఎన్నేళ్ల వరద ఎంత ఉంటుందో చూపే రిటర్న్ లెవెల్ ప్లాట్‌లో వందేళ్ల వైపు వెళ్లేకొద్దీ గీతకు అటూ ఇటూ ఉన్న, అంచనా ఎంత తేడా రావచ్చో చెప్పే పట్టీ వెడల్పవుతుంది. చేతిలో ఉన్నది ఏ యాభై ఏళ్ల లెక్కలో అయినప్పుడు అలాగే అవుతుంది మరి. గ్రాఫు చూడ్డానికి బాగుండదని ఆ పట్టీనే తీసేసే పిల్లలున్నారు. మీ అమ్మాయి ఉంచిందా అని అడగండి. వందేళ్ల వరదంటే వందేళ్లకోసారి వచ్చేది కాదు, ఏ ఏడాదైనా నూటికి ఒక వంతు అవకాశం ఉన్నది. ముప్పై ఏళ్లలో కనీసం ఒకసారి వచ్చే అవకాశం దాదాపు 26 శాతం. ఈ మాట ఆమె మీకు అర్థమయ్యేలా చెప్పగలిగితే సబ్జెక్టు వంటబట్టినట్టే.

ఇక ఆ కోర్సు మీద నాకున్న అనుమానాలు దాచను. నా దగ్గరికొచ్చే రెజ్యూమేల్లో పేర్లే వేరు, ప్రాజెక్టులు అవే: టైటానిక్ ప్రయాణికులు, ఇళ్ల ధరలు. "ఈ మోడల్ ఎక్కడ తప్పుతుంది?" అంటే జవాబు రాదు. నూరు శాతం ప్లేస్‌మెంట్ అన్నవాళ్లను కాగితం మీద రాసిమ్మనండి, చూద్దాం. కోర్సులో నేర్పే పైథాన్ ప్రోగ్రామింగ్ అంటారా, పునాది ఉన్న పిల్ల సెలవుల్లో నేర్చుకుంటుంది.

ఎమ్మెస్సీకే నా ఓటు. నాగార్జున యూనివర్సిటీకి ఇంటి నుంచే వెళ్లిరావచ్చు. ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ ఉంది, బీమా నష్టభయాలను లెక్కగట్టే యాక్చువరీ పరీక్షలున్నాయి. అరుదుగా వచ్చే భారీ నష్టాలను అంచనా వేయడానికి బీమా రంగంలో వాడేదీ ఈ లెక్కలనే.

ఈ ఆదివారం ఆ గ్రాఫు చూపించమనండి. అర్థం కాకపోతే మళ్లీ అడగండి. తోడల్లుడి గారబ్బాయి ఊసు మాత్రం ఎత్తకండి.