రీఫండ్ ఇస్తానన్నవాడికి మీ స్క్రీన్ చూపించకండి

"మీ యాంటీవైరస్ రెన్యూ అయింది, 399 డాలర్లు కట్ అవుతాయి, వద్దనుకుంటే ఈ నంబరుకు చేయండి" అని మెయిల్ వచ్చింది, చెయ్యాలా అని అడిగారు. వద్దు. ఎందుకు వద్దో తెలియకపోతే రేపు ఇంకో వేషంలో వచ్చినప్పుడు చేసేస్తారు, అందుకే ఇంత రాయడం.

అమెరికాకు కొత్తగా వచ్చినవాళ్ళ బలహీనత ప్రతి డాలరునీ రూపాయల్లోకి మార్చి చూసుకోవడం. 399 కనబడగానే ముప్పై వేల పైచిలుకని లెక్క తేలుతుంది, చెయ్యి ఫోన్ మీదికి పోతుంది. మెయిల్ పంపిన మోసగాడికి కావలసిందీ అదే. ముందు బ్యాంకు యాప్, కార్డు యాప్ తెరిచి పెండింగ్‌తో సహా చూడండి. ఆ మొత్తం లేదా? మెయిల్ తీసెయ్యండి. నిజంగానే పడిందా? కార్డు వెనక నంబరుకు చేసి ఆ ఖర్చు నాది కాదని డిస్ప్యూట్ (అభ్యంతరం) వెయ్యండి. గూగుల్లో "కస్టమర్ కేర్" అని వెతికి పైన కనబడ్డ నంబరుకు మాత్రం చేయకండి. అది మోసగాళ్ళు పెట్టిన నంబరు కావచ్చు, ఇండియా టికెట్ క్యాన్సిల్ చేసుకుని రీఫండ్ కోసం వెతికేవాళ్ళు చిక్కేది అక్కడే.

ఫోన్ చేస్తే ఎనీడెస్కో టీమ్‌వ్యూయరో దింపమంటాడు. దూరం నుంచి మన కంప్యూటర్ని చూసి నడిపించే ఈ యాప్‌లు ఆఫీసుల్లో రోజూ వాడేవే కాబట్టి మన ఐటీ వాళ్ళకు అనుమానం రాదు, ఆ ధీమానే కొంప ముంచుతుంది. తర్వాత బ్యాంకులో లాగిన్ అవ్వమని, "రీఫండ్ ఫారం"లో 399 కొట్టమంటాడు. మీరు కొడుతుండగానే అవతలినుంచి ఇంకో సున్నా పడి 3,990 అవుతుంది. తెర కాసేపు నల్లబడుతుంది. మళ్ళీ వెలిగేసరికి చెకింగ్ అకౌంట్లో (రోజువారీ ఖర్చుల ఖాతాలో) 3,990 పెరిగి ఉంటుంది. ఇక ఏడుపు మొదలు: "నా ఉద్యోగం పోతుంది సార్, మిగతా 3,591 వెనక్కి పంపండి."

ఆ డబ్బు వాడిది కాదు. కొన్నిసార్లు బ్రౌజర్లో ఇన్‌స్పెక్ట్ (తెర మీది పేజీని తాత్కాలికంగా మార్చి చూపే సాధనం) తెరిచి పేజీ మీది అంకెను దిద్దుతాడు. రిఫ్రెష్ కొడితే పాత అంకె వచ్చేస్తుంది, అందుకే కొట్టనివ్వడు. కొన్నిసార్లు మీ సేవింగ్స్‌లోంచే చెకింగ్‌లోకి మారుస్తాడు. ఇది రిఫ్రెష్‌కు పోదు. సేవింగ్స్ చూస్తే సరిగ్గా 3,990 తగ్గి ఉంటుంది. చూడాల్సింది కూడా ఆ కంప్యూటర్లో కాదు, మీ ఫోన్లో.

వెనక్కి అడిగే తీరే వాణ్ణి పట్టిస్తుంది: గిఫ్ట్ కార్డు గీకి నంబరు చదవమంటాడు, జెల్ (బ్యాంకు యాప్‌లోంచి వెంటనే డబ్బు పంపే పద్ధతి) చెయ్యమంటాడు, బిట్‌కాయిన్ మెషీన్ దగ్గరికి వెళ్ళమంటాడు. కంపెనీ పొరపాటున ఎక్కువ వేస్తే తన బ్యాంకు ద్వారా తనే సరిచేసుకుంటుంది.

చెక్కుతోనూ ఇదే ఆట. సోఫా అమ్మితే ఎక్కువ రాసిన చెక్కు వస్తుంది, తేడా జెల్ చెయ్యమంటాడు. బ్యాంకు "అవైలబుల్" అని చూపినా క్లియర్ అయినట్టు కాదు, కొన్ని వారాల తర్వాత కూడా బౌన్స్ కావచ్చు.

అవతలివాడు మన భాష మాట్లాడాడని మెత్తబడొద్దు. 2016 అక్టోబరులో ముంబై పక్కన మీరా రోడ్డులో పోలీసులు పట్టుకున్న కాల్ సెంటర్లు అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్ పేరుతో అమెరికాకు ఫోన్లు చేసినవే.

ఇప్పటికే లోపలికి రానిచ్చారా? వాదించకండి, తెలివి చూపించకండి, ముందు వైఫై ఆపండి. వేరే ఫోన్ నుంచి మెయిల్ పాస్‌వర్డ్, తర్వాత బ్యాంకుది మార్చండి. బ్యాంకుకు ఉన్నది ఉన్నట్టు చెప్పండి: మీకు తెలియకుండా వాడే బయటికి పంపుకుంటే, తెలిసిన రెండు పనిదినాల్లో చెప్పినవాళ్ళకు నష్టం సాధారణంగా 50 డాలర్లు దాటదు. మీ చేత్తో మీరే జెల్ చేస్తే రాబట్టడం చాలా కష్టం. గిఫ్ట్ కార్డయితే కార్డూ రసీదూ పట్టుకుని ఆ కార్డు కంపెనీకి వెంటనే చెయ్యండి, ఖర్చు కాని బ్యాలెన్సు ఆగవచ్చు. ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ అనే మూడు క్రెడిట్ రికార్డుల సంస్థల్లోనూ క్రెడిట్ ఫ్రీజ్ (మీ పేరున ఎవరూ కొత్త అప్పు తీసుకోకుండా ఆపడం) చేయండి, ఉచితమే. ఎఫ్‌టీసీ (వినియోగదారుల రక్షణ సంస్థ), ఐసీ3 (ఎఫ్‌బీఐ ఇంటర్నెట్ నేరాల ఫిర్యాదు కేంద్రం) ఫిర్యాదు ఫారాలు వాళ్ళ సైట్లలోనే ఉంటాయి. లాప్‌టాప్ ఆఫీసుదైతే సిగ్గుపడకుండా ముందు ఐటీకి చెప్పండి.

ఊళ్ళో అమ్మానాన్నలకు కూడా ఒక మాట చెప్పి ఉంచండి: యూపీఐలో డబ్బు రావడానికి పిన్ కొట్టక్కర్లేదు. కొట్టేసి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యమనండి.