కారం తింటే అల్సర్ వస్తుందా? రాత్రి తిన్న బిర్యాని తెల్లారేదాకా ఎందుకు అరగదు?

విజయవాడ నుంచి అడిగిన ప్రశ్న ఇది: “మధ్యాహ్నం మెస్సులో కందిపొడి, గోంగూర, ఆవకాయతో తింటే రెండు గంటలకల్లా గుండెల్లో మంట. రాత్రి బిర్యాని తింటే తెల్లారేదాకా కడుపు బరువు. పొద్దున నాలుగు ఇడ్లీ తింటే పదింటికే ఆకలి. యాసిడ్ తగ్గించే పాంటప్రజోల్ మాత్ర రోజూ వేసుకుంటున్నా తగ్గట్లేదు. కారం వల్ల అల్సర్ వచ్చినట్టా? అసలు తిన్నది ఎక్కడ, ఎంతసేపట్లో అరుగుతుంది?”

తిన్నది ప్రధానంగా అరిగేది కడుపులో కాదండీ, చిన్నపేగులో. జీర్ణాశయం పని నిల్వ పెట్టడం, నలగ్గొట్టడం, కాస్త కాస్త కిందికి వదలడం. క్యాన్సర్ వచ్చి జీర్ణాశయం మొత్తం తీసేసినవాళ్ళు కూడా కొద్దికొద్దిగా ఎక్కువసార్లు తింటూ, బి12 ఇంజెక్షన్లు చేయించుకుంటూ ఏళ్ళ తరబడి బతుకుతున్నారు. చిన్నపేగు చాలా భాగం పోయినవాళ్ళకు మాత్రం చాలాసార్లు పోషకాలు రక్తనాళంలోకి ఎక్కించాల్సి వస్తుంది. ఇక యాసిడ్ సంగతి. గుంటూరు, బెజవాడ ఓపీల్లో రోజూ వినపడే మాట “నాకు యాసిడ్ ఎక్కువైందండీ” అని. చాలామందిలో యాసిడ్ ఉండాల్సినంతే ఉంటుంది. ఉండకూడని చోటికి రావడమే గొడవ.

నోటి దగ్గర మొదలుపెడదాం. రోజుకు లీటరు నుంచి లీటరున్నర లాలాజలం ఊరుతుంది. అందులోని అమైలేజ్ అనే ఎంజైమ్ అన్నంలోని పిండిపదార్థాన్ని విడగొట్టడం మొదలెడుతుంది, కడుపులో యాసిడ్ తగలగానే ఆ పని ఆగిపోతుంది. మనవాళ్ళకు ముద్ద కలిపి నోట్లో పెట్టుకుని రెండుసార్లు నమిలి మింగే అలవాటు. మెత్తటి అన్నం, పప్పు అయితే పెద్ద నష్టం లేదు. మటన్ ముక్క అయితే నోరు చెయ్యని పనంతా కడుపు మీద పడుతుంది, గంటలు పెరుగుతాయి.

మింగిన ముద్ద 25 సెంటీమీటర్ల అన్నవాహిక దాటడానికి పది సెకన్లు చాలు. దాని అడుగున ఒక కండరాల బిగింపు ఉంటుంది. మింగినప్పుడు వదులవుతుంది, తర్వాత బిగుసుకుంటుంది. మీ గుండెల్లో మంట కథంతా ఇక్కడే ఉంది, మళ్ళీ వస్తాను.

ఖాళీ జీర్ణాశయంలో పట్టేది వంద మిల్లీలీటర్ల లోపే. భోజనం చేస్తే లీటరు, లీటరున్నర దాకా సాగుతుంది. ఊరే రసం రోజుకు సుమారు 2 లీటర్లు, దాని పీహెచ్ 1.5 నుంచి 2, అంటే చాలా ఘాటైన యాసిడ్. ఈ యాసిడ్‌కు రెండు పనులు: పప్పు, మాంసంలోని ప్రొటీన్‌ను కోసే పెప్సిన్‌ను పనిలోకి దించడం, తిండితో వచ్చిన సూక్ష్మజీవుల్ని చంపడం. గోడ తనను తాను అరిగించుకోకుండా పైన బంకపొర, ఆ పొరలో యాసిడ్‌ను విరిచే బైకార్బొనేట్ ఉంటాయి. జీర్ణాశయం కింది భాగం నిమిషానికి మూడుసార్లు చొప్పున నొక్కుతూ తిండిని మెత్తగా చేస్తుంది. 1, 2 మిల్లీమీటర్ల కన్నా పెద్ద ముక్కను పైలోరస్ అనే ద్వారం చాలావరకు వెనక్కి తోస్తుంది.

ఆ ద్వారం ఎంత తెరుచుకోవాలో తేల్చేది కడుపు కాదు, కింద ఉన్న చిన్నపేగు. ప్రకాశం బ్యారేజి దగ్గర కాలువ ఎంత మొయ్యగలదో చూసుకుని నీళ్ళు వదిలినట్టే ఇదీ. చిన్నపేగు మొదటి 25 సెంటీమీటర్లలో, అంటే డుయోడినంలో, కొవ్వు తగిలిందంటే సీసీకే అనే హార్మోన్ విడుదలవుతుంది. అది పైలోరస్‌ను బిగిస్తుంది, పిత్తాశయాన్ని పిండి పైత్యరసాన్ని దింపుతుంది, క్లోమానికి ఎంజైములు పంపమని కబురు చేస్తుంది. ముందు వచ్చిన కొవ్వు సంగతి తేలేదాకా తర్వాతి సరుకు పైనే ఆగుతుంది.

మీ బిర్యాని లెక్క ఇదే. ఖాళీ కడుపున తాగిన మంచినీళ్ళలో సగం ఇరవై నిమిషాల్లో కిందికి దిగిపోతాయి. మామూలు భోజనం సగం దిగడానికి రెండు, మూడు గంటలు, పూర్తిగా దిగడానికి నాలుగైదు గంటలు. నూనె, నెయ్యి, మాంసం దట్టించిన బిర్యానికి ఇంకా ఎక్కువ. రాత్రి పదిన్నరకు తిని పదకొండున్నరకు పడుకుంటే రెండు గంటలప్పుడు కూడా కడుపులో సరుకు ఉంటుంది. అది అజీర్ణం కాదు, పేగు తన పని తాను చేస్తోంది. అదే బిర్యాని మధ్యాహ్నం తిని, రాత్రికి మజ్జిగన్నంతో సరిపెట్టుకుంటే ఈ బరువు ఉండదు.

అరగడం కోసం గోళీసోడా తాగడం ఇక్కడ బాగా అలవాటు. బ్రేవుమని వచ్చే తేనుపు ఆ సోడాలోని కార్బన్ డయాక్సైడే. ద్వారం ఒక్క మిల్లీమీటరు కూడా అదనంగా తెరుచుకోదు. పైగా తేనుపు వచ్చిన ప్రతిసారీ అన్నవాహిక అడుగున ఉన్న బిగింపు వదులవుతుంది, యాసిడ్ పైకి రావడానికి దారి దొరుకుతుంది.

ఇడ్లీకి లెక్క తిరగబడుతుంది. పొట్టు తీసిన మినప్పప్పు, బియ్యపు రవ్వ రాత్రంతా పులిసి, ఆవిరిలో ఉడికి, నూనె లేకుండా వస్తాయి. అడ్డుకునే కొవ్వు లేదు, పీచు తక్కువ, త్వరగా దిగిపోతుంది. మూడు ఇడ్లీతో పాటు వేరుశనగపప్పు పచ్చడి, సాంబారు గట్టిగా వేసుకోండి, లేదంటే పెసరట్టుకు మారండి. ఇంకో సంగతి. పదింటికి కడుపులో వచ్చే గుడగుడలన్నీ ఆకలి కాదు. కడుపు, చిన్నపేగు ఖాళీ అయ్యాక గంటన్నర, రెండు గంటలకోసారి బలమైన అల ఒకటి పైనుంచి కిందిదాకా ఊడ్చుకుంటూ పోతుంది. గంటకోసారి పునుగో బిస్కెట్టో నోట్లో వేసుకుంటే ఆ ఊడుపు ఆగిపోతుంది, ఉబ్బరం పెరుగుతుంది.

చిన్నపేగులో జరిగేది క్లుప్తంగా. క్లోమం నుంచి వచ్చే బైకార్బొనేట్ యాసిడ్‌ను విరిచేస్తుంది. ట్రిప్సిన్ ప్రొటీన్‌ను, లైపేజ్ కొవ్వును, అమైలేజ్ పిండిపదార్థాన్ని కోస్తాయి. పైత్యరసంలో ఎంజైములేవీ లేవు, అది కొవ్వును చిన్న బిందువులుగా చీల్చి లైపేజ్‌కు అందిస్తుంది. పని అయ్యాక అందులోని లవణాల్లో 95 శాతం చిన్నపేగు చివర తిరిగి పీల్చుకుని కాలేయానికి చేరతాయి. ఇనుము మొదట్లో, బి12 చివర్లో, మిగతావి చాలావరకు మధ్యలో లోపలికి వెళతాయి. పప్పు మీద నిమ్మకాయ పిండుకుంటే ఇనుము బాగా అందుతుంది, తిన్న వెంటనే టీ తాగితే తగ్గుతుంది. పేగు లోపలి గోడ టెన్నిస్ కోర్టంత ఉంటుందని పాత పుస్తకాలు రాస్తాయి. 2014 కొలతల్లో నోటి నుంచి చివరిదాకా అంతా కలిపినా 30 చదరపు మీటర్ల చిల్లరే తేలింది.

ఆ గోడ పాడైతే ఎంత తిన్నా ఒంటికి పట్టదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి కుటుంబాన్ని దెబ్బతీసిన స్ప్రూ అలాంటి జబ్బే. అమెరికాలోని లెడర్లీ మందుల కంపెనీలో ఆయన నాయకత్వంలో పనిచేసిన బృందం 1945లో కృత్రిమంగా తయారుచేసిన ఫోలిక్ యాసిడ్‌ను ఆ జబ్బుకు ఇవాళ్టికీ వాడుతున్నారు.

ఇప్పుడు కారం. మిరపలో మంట పుట్టించేది క్యాప్సైసిన్. అది యాసిడ్ కాదు, గోడను కాల్చదు. సుమారు 43 డిగ్రీల వేడికి స్పందించే నరాల గ్రాహకాన్ని అది తడుతుంది, మెదడు దాన్ని కాలినట్టు లెక్కేసుకుంటుంది. డేవిడ్ జూలియస్ బృందం ఆ గ్రాహకాన్ని 1997లో పట్టుకుంది, 2021లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఇదే గ్రాహకం అన్నవాహికలోనూ ఉంది, మలద్వారం దగ్గరా ఉంది. పూర్తిగా పీల్చుకోని క్యాప్సైసిన్ కిందిదాకా వస్తుంది కాబట్టే రాత్రి తిన్న మిర్చి బజ్జీ పొద్దున్నే ఇంకోసారి పలకరిస్తుంది. క్యాప్సైసిన్ నీళ్ళలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. అందుకే కారం తగిలినప్పుడు చెంబెడు నీళ్ళకన్నా నెయ్యిముద్ద, పెరుగన్నం పనిచేస్తాయి. పెరుగులోని కేసిన్ అనే ప్రొటీన్ దాన్ని పట్టుకుని కడిగేస్తుంది.

అల్సర్‌కు కారణాలు వేరు. ఒకటి హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా. దాన్ని 1982లో బయటపెట్టిన బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ ఇచ్చారు. రెండోది నొప్పి మాత్రలు: డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్. మోకాళ్ళ నొప్పులకు మందుల షాపులో చీటీ లేకుండా కొనుక్కుని నెలల తరబడి మింగేవాళ్ళ కడుపులో పుండ్లు పడటం బాగా చూసే సంగతి. నింద మాత్రం ఆవకాయ మీద పడుతుంది. అయితే ఇప్పటికే పుండు, గుండెల్లో మంట లేదా ఐబీఎస్ అనే పేగుల ఇబ్బంది ఉన్నవాళ్ళకు కారం బాధ పెంచుతుంది. అలాంటప్పుడు తగ్గించడమే మంచిది.

మధ్యాహ్నం మీకొచ్చే మంట చాలావరకు రిఫ్లక్స్‌లా ఉంది. కడుపు నిండా తిన్నప్పుడు, బెల్టు బిగించినప్పుడు, తినగానే కుర్చీలో వెనక్కి వాలినప్పుడు ఆ బిగింపు వదిలి యాసిడ్ పైకి వస్తుంది. కడుపుకున్న బంకపొర అన్నవాహికకు లేదు. దానికి తోడు అక్కడి గ్రాహకాల్ని కారం ముందే రేపి ఉంచుతుంది. చెయ్యాల్సినవి ఇవి. అన్నం మూడోవంతు తగ్గించండి. రాత్రి భోజనానికీ పడకకీ మధ్య మూడు గంటలు ఉంచండి. రాత్రిపూట కూడా మంట వస్తుంటే తలవైపు మంచం కోళ్ళ కింద 15 నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తు ఇటుకలు పెట్టండి. రెండు దిళ్ళు వేసుకుంటే నడుం దగ్గర మడతపడి కడుపు మీద ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. ఎడమవైపు తిరిగి పడుకోండి. సిగరెట్టు, మద్యం అలవాటు ఉంటే మానండి. పొట్ట ఉంటే తగ్గించండి, అన్నిటికన్నా గట్టి మందు అదే. అన్నంతో పాటు గ్లాసు నీళ్ళు తాగితే జీర్ణరసం పలచబడుతుందన్న భయం మాత్రం అక్కర్లేదు.

పాంటప్రజోల్ మీరు ఎప్పుడు వేసుకుంటున్నారో రాయలేదు. తిన్నాక గుర్తొచ్చినప్పుడు వేసుకుంటే సగం వృథా. ఆ మందు పనిలో ఉన్న యాసిడ్ పంపుల్నే ఆపుతుంది. పంపులు పనిలోకి దిగేది తిండి తగిలాక. మందు రక్తంలో ఉండేదేమో కొన్ని గంటలే. అందుకే టిఫిన్‌కు అరగంట నుంచి గంట ముందు, ఖాళీ కడుపున, నమలకుండా మింగాలి. పూర్తి గుణం కనపడటానికి మూడు నుంచి అయిదు రోజులు పడుతుంది. మామూలుగా 4 నుంచి 8 వారాలు వాడి డాక్టరుతో మళ్ళీ మాట్లాడతారు. ఏళ్ళ తరబడి వాడితే బి12 తగ్గవచ్చు. ఉన్నట్టుండి మానేస్తే కొన్నాళ్ళు యాసిడ్ మునుపటికన్నా ఎక్కువ ఊరుతుంది, దాన్ని చూసి “మందు లేకపోతే బతకలేను” అనుకుంటారు. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి. ఈనో లాంటి పొడుల్లో సోడియం ఎక్కువ, బీపీ ఉన్నవాళ్ళు రోజూ తాగకూడదు.

పెద్దపేగు గురించి రెండు మాటలు. తాగినవి, ఊరినవి కలిపి రోజుకు 8, 9 లీటర్ల ద్రవం పేగులోకి వస్తుంది. చిన్నపేగు చాలావరకు పీల్చేసుకోగా లీటరున్నర దాకా పెద్దపేగుకు చేరుతుంది, మలంలో పోయేది 100, 200 మిల్లీలీటర్లే. ఇక్కడ సరుకు ఒక రోజు నుంచి రెండు రోజులు ఉంటుంది. అలసందలు, శనగల్లోని రాఫినోజ్ అనే చక్కెరను కోసే ఎంజైమ్ మనిషికి లేదు, దాన్ని ఇక్కడి బాక్టీరియా తిని గ్యాస్ వదులుతాయి. రాత్రంతా నానబెట్టి ఆ నీళ్ళు పారబోసి కొత్త నీళ్ళతో ఉడికిస్తే తగ్గుతుంది. పాలు తాగితే ఉబ్బరం, పెరుగు తింటే హాయి అంటే పాలలోని లాక్టోజ్ అనే చక్కెర పడట్లేదని అనుకోవచ్చు.

కొన్ని లక్షణాలుంటే ఇంటి చిట్కాలతో కాలయాపన చెయ్యకూడదు. ఛాతీ బిగపట్టినట్టుండి చెమటలు పడుతుంటే, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకుతుంటే, మెట్లెక్కితే వస్తుంటే అది గ్యాస్ అనుకోవద్దు, వెంటనే క్యాజువాలిటీకి వెళ్ళి ఈసీజీ తీయించండి. బిర్యాని తిన్న గంటకు కుడివైపు పక్కటెముకల కింద నొప్పి లేచి గంటల తరబడి ఉంటే పిత్తాశయంలో రాళ్ళేమో చూడాలి, ఆరు నుంచి ఎనిమిది గంటలు ఏమీ తినకుండా వెళితే అల్ట్రాసౌండ్‌లో తెలుస్తుంది. మింగుడు పడకపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం, నల్లటి తారులాంటి విరేచనం, రక్తపు వాంతి, రక్తహీనత ఉంటే ఎండోస్కోపీ ఆలస్యం చెయ్యొద్దు. ఐరన్ మాత్రలు వాడేవాళ్ళకు విరేచనం నల్లగా ఉంటుంది, ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి.

హెచ్ పైలోరీకి శ్వాస పరీక్షో మలపరీక్షో రాస్తే, డాక్టరును అడిగి పాంటప్రజోల్ రెండు వారాల ముందు ఆపాలి, యాంటీబయోటిక్స్ వాడి నాలుగు వారాలు దాటి ఉండాలి. లేకపోతే బాక్టీరియా లోపల ఉన్నా రిపోర్టులో లేదని వస్తుంది. ఆ రెండు వారాలు మంట తట్టుకోలేకపోతే యాంటాసిడ్ సిరప్ వాడుకోవచ్చేమో డాక్టరును అడగండి.