నమాజ్ తగ్గించి జిక్ర్ పెంచుకోవచ్చా?

నమాజ్‌లో మనసు నిలవడం లేదు, జిక్ర్‌లో (అల్లాహ్ నామస్మరణలో) కూర్చుంటే మాత్రం కళ్లు చెమరుస్తున్నాయి, మరి జిక్ర్‌కే ఎక్కువ టైం ఇవ్వొచ్చా అని అడిగారు. ఫర్జ్ (తప్పనిసరి) నమాజ్ తగ్గించి అయితే వద్దు. జిక్ర్ ఎంత చేసినా దానికి బదులు కాదు.

నేను పాతబస్తీలో నఖ్ష్‌బందీ అనే సూఫీ మార్గం వాళ్ల హల్ఖాకు (జిక్ర్ కూటమికి) చాలాకాలంగా వెళ్తున్నాను. ఒకసారి మహబూబ్‌నగర్ వైపు నుంచి ఒకాయన వచ్చాడు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు, ఏదైనా పెద్ద వజీఫా (రోజూ జపించడానికి గురువు ఇచ్చేది) ఇవ్వండన్నాడు. హజ్రత్ (అక్కడి గురువుగారు) వజీఫా మాటే ఎత్తలేదు. "ఫజర్ (తెల్లవారుజాము) నమాజ్‌కు లేస్తున్నావా? ఎవరికైనా బాకీ ఉన్నావా? మీ నాన్న పొలంలో చెల్లెలి వాటా ఇచ్చావా?" అని అడిగారు. మూడోదానికి ఆయన దగ్గర జవాబు లేదు. కొడుకు వాటాలో సగం కూతురిదని ఖురాన్ (4:11) చెబుతోంది. మన ఊళ్లలో 'పెళ్లికి పెట్టాం కదా' అని దాన్ని ఎగ్గొట్టడం మామూలే. "ముందు అది తేల్చుకుని రా" అన్నారు హజ్రత్. షరీయత్ (ఇస్లాం ధర్మనియమాలు) అంటే నమాజ్ ఒక్కటే కాదని, మనసులోని పిసినారితనం బయటపడేది ఇలాంటి చోటేనని నాకు అక్కడే అర్థమైంది.

ఈ సిల్సిలాకే (గురుపరంపరకే) చెందిన షేక్ అహ్మద్ సర్హిందీ (1624లో మరణించారు) షరీయత్‌లో మూడు భాగాలున్నాయన్నారు: ఇల్మ్ (జ్ఞానం), అమల్ (ఆచరణ), ఇఖ్లాస్. తరీఖత్ (సూఫీ మార్గం) పని ఆ మూడోదాన్ని, అంటే చిత్తశుద్ధిని, పూర్తి చేయడమేనట. మన హైదరాబాద్‌లోనే ముహద్దిసె దక్కన్ అబ్దుల్లా షాహ్ (1964లో మరణించారు) అటు హదీస్ (ప్రవక్త మాటలు, చేతల) పండితులు, ఇటు నఖ్ష్‌బందీ పీర్ (సూఫీ గురువు).

అలాగని నియమాలు పట్టుకుని పక్కవాడి పైజామా పొడవు కొలిచేవాళ్లకూ నేను దూరమే.

మీకు ముందు కావలసింది, నోటితో చదివేది అర్థం కావడం. ఫాతిహా (ఖురాన్ మొదటి అధ్యాయం), రోజూ చదివే చిన్న సూరాల (అధ్యాయాల) అర్థం తెలుగులో నేర్చుకోండి. తక్బీర్‌కు (నమాజ్ మొదలవడానికి) ఐదు నిమిషాల ముందే మసీదులో కూర్చోండి. మీరు అల్లాహ్‌ను చూడలేకపోయినా ఆయన మిమ్మల్ని చూస్తున్నాడని ఇహ్సాన్ (ఆరాధనను చక్కగా చేయడం) గురించి ప్రవక్త (స) చెప్పింది నమాజ్‌లోనే సాధన చేయండి. కన్నీళ్లు రాకపోతే రాకపోనివ్వండి.

జిక్ర్ మానమనడం లేదు. ఇషా (రాత్రి నమాజ్) తర్వాత చేసుకోండి, ఫజర్ తప్పిపోయేంత రాత్రి దాకా మాత్రం కాదు. నమాజ్ అక్కర్లేదని మీ పీరే చెబుతుంటే, పీర్‌ను మార్చుకోండి.