నాట్యం చేస్తూ కాళ్లతో సింహం బొమ్మ గీయడం నిజంగా సాధ్యమేనా?

సాధ్యమే, సింహనందిని అనే నాట్యంలో జరిగేది అదే. దాని తాళం ఒక్క ఆవర్తనానికి, అంటే ఒకసారి మొదలై పూర్తిగా తిరిగి రావడానికి, 128 అక్షరాలు, అంటే 128 లెక్కలు. అంత పొడవైన తాళానికి వేసే అడుగుల్లోనే సింహం ఆకారమంతా ఇమిడిపోతుంది. రంగుపొడి మీద ఒక కాలు ఊని, రెండో కాలి వేళ్లతో జూలు వంపు తిప్పుతున్నప్పుడు ఒళ్లు ఊగకూడదు, ఊపిరి తొణకకూడదు. ఒంటికాలి మీద నిలబడే యోగాసనం వృక్షాసనంలో కావలసిన నిలకడే ఇక్కడా కావాలి. మయూర కౌత్వం అనే నాట్యంలో ఇలాగే నెమలి వస్తుంది. మరుగున పడుతున్న ఈ విద్యను కూచిపూడి గురువు సి.ఆర్. ఆచార్యులు మళ్లీ వేదిక ఎక్కించారు, అది చిన్న సేవ కాదు. చాలామంది దీన్ని సర్కస్ ఫీటు అనుకుంటారు. కానీ బొమ్మ ఎంత అందంగా వచ్చినా, తాళం తప్పితే అది సింహనందిని కాదు.