ప్రొపోఫాల్ పట్టుకునే ముందు

హనుమకొండ

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

కాకతీయ మెడికల్ కాలేజీలో మత్తు విభాగంలో చేరుతున్నానని చెబుతూ, సిరలోకి ఎక్కించే మత్తుమందు ప్రొపోఫాల్ గురించి రాయమని అడిగావు. పుస్తకంలో ఉన్నదంతా నువ్వే చదువుకుంటావు కనుక, సిరంజి చేతిలో ఉన్నప్పుడు ఆగడం ఎలాగో మాత్రం నా తప్పుతోనే మొదలుపెట్టి చెబుతాను.

ఒక మే నెలలో, అప్పుడు నేను పనిచేస్తున్న ఆసుపత్రికి ములుగు వైపు నుంచి 70 ఏళ్లు దాటిన రైతును తుంటి ఎముక విరిగి తీసుకొచ్చారు. నాలుక పిడచగట్టుకుపోయి ఉండటం చూశాను గాని లెక్కలోకి తీసుకోలేదు. మందు ఎక్కించి అర నిమిషం చూసి, కళ్లు మూతపడలేదని మరికొంత ఎక్కించాను. మొదటి మోతాదు అప్పటికింకా దారిలోనే ఉంది. రెండూ వెంటవెంటనే మెదడుకు చేరేసరికి ఊపిరి ఆగి, బీపీ పై అంకె 60కి దిగింది. మాస్కుతో శ్వాస అందించి, సెలైన్ వేగంగా వదిలి, బీపీ పెంచే మెఫెంటర్‌మిన్ ఇచ్చి నిలబెట్టుకున్నాం. ఆయన క్షేమంగా ఇంటికి వెళ్లాడు, నాకు మాత్రం ఆ రాత్రి అన్నం సహించలేదు.

ఆరోగ్యవంతుడిలో చేతి సిర నుంచి మెదడుకు మందు చేరడానికి సుమారు అర నిమిషం చాలు. గుండె నెమ్మదించిన వృద్ధుడిలో ఆ ప్రయాణం ఇంకా సాగుతుంది. మెదడులో ఆ మందు నాడీకణాల మీద ఉండే గాబా-ఏ గ్రాహకాలను పట్టుకుని, క్లోరైడ్ అయాన్లు నాడీకణంలోకి వెళ్లే దారిని తెరిచి ఉంచి, కణాన్ని అణచివేస్తుంది. ఒక్క మోతాదుకు ఐదు పది నిమిషాల్లోనే మెలకువ రావడానికి ముఖ్య కారణం, మందు మెదడును వదిలి కండరాలకూ కొవ్వుకూ పంపిణీ కావడమే. అదే మందు రక్తనాళాలను కూడా సడలిస్తుంది గనుక, ఒంట్లో నీరు తగ్గినవాడి బీపీ కూలిపోతుంది. పడుచువారికి కిలోకు 1.5 నుంచి 2.5 మిల్లీగ్రాములు పట్టినా, వృద్ధులకు 1 నుంచి 1.5 చాలు, అదీ కొద్దికొద్దిగా, ప్రతిసారీ పేరు పెట్టి పలకరిస్తూ ఇవ్వాలి.

ఇది నొప్పిని తీసే మందు కాదు. ఐసీయూలో వెంటిలేటర్ మీద కదలకుండా పడుకున్న మనిషి కంటి కొసన నీరు, మానిటర్ మీద పెరిగే నాడి కనిపిస్తే ప్రొపోఫాల్ పెంచకు, ముందు నొప్పి తీసే ఫెంటానిల్ సంగతి చూడు. గంటకు కిలోకు 4 మిల్లీగ్రాములు మించి 48 గంటలు దాటితే రక్తంలో ఆమ్లం పెరగడం, కండరాలు కరగడం, గుండె చతికిలపడటం వంటి ప్రమాదం ఉంది గనుక రక్తంలో ట్రైగ్లిజరైడ్లనే కొవ్వులు, కండరాలు దెబ్బతింటే పెరిగే సీపీకే చూస్తూ ఉండు. ఒక్కో మిల్లీలీటరులో 1.1 కేలరీల కొవ్వు ఉందని ఆహారం లెక్కవేసేవారికీ చెప్పు. వీలైన రోగికి రోజూ ఉదయం మందు తగ్గించి చూడు; బయట "మా అయ్య లేస్తడా బిడ్డా?" అని అడిగేవారికి అప్పుడే నిజమైన జవాబు చెప్పగలవు.

దీన్ని కనుగొన్న జాన్ గ్లెన్ పశువైద్యుడని తెలిసినప్పుడు నాకు సరదా వేసింది. తొలి రూపం అలర్జీలు తెచ్చింది గనుక, సోయా నూనె, గుడ్డు లెసితిన్‌తో పాలలాంటి మందుగా మార్చారు. బ్రిటన్‌లో అది 1986లో వచ్చింది. ఆ నూనెలో సూక్ష్మజీవులు తేలిగ్గా పెరుగుతాయి, పైగా మన ఓరుగల్లు ఎండలు నీకు తెలియనివి కావు. సిరంజిలోకి తీసిన వేళ లేబుల్ మీద రాసి, ఆరు గంటలు దాటితే, మందు వృథా అవుతోందని ఎవరు గొణిగినా పారబోసెయ్.

ఇట్లు,
మీ మామయ్య