గ్రూప్-2 చదువుకి 13 వేల ట్యాబ్ చాలా, ఐప్యాడే కొనాలా?

మీ చెల్లెలు డిగ్రీ పూర్తి చేసి తెలంగాణ గ్రూప్-2కి చదువుతోందని, క్లాసులూ పీడీఎఫ్‌లూ అన్నీ ఫోన్‌లోనే చూసి కళ్లు లాగుతున్నాయంటోందని రాశారు. 13 వేల ట్యాబ్ ఏడాదికే మూలన పడుతుందని ఒకరు, ఈఎంఐలో అయినా సరే ఐప్యాడే కొనమని ఇంకొకరు చెప్తుంటే ఏదీ తేలడం లేదన్నారు.

నా మాట వింటే ఈఎంఐ జోలికి వెళ్లకండి. 13 నుంచి 18 వేల మధ్య దొరికే 11 అంగుళాల ఆండ్రాయిడ్ ట్యాబ్ ఆమె చదువుకి హాయిగా సరిపోతుంది. ఎక్కువ డబ్బు పెట్టాల్సిన అవసరం రోజూ గంటల తరబడి స్క్రీన్ మీద పెన్నుతో రాసేవాళ్లకి ఉంటుంది. చదవడం, వినడం, బిట్లు చేయడం కోసమైతే ఆ అదనపు పాతిక వేలకి తగ్గ ఫలితం కనిపించదు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మూడు రకాల ట్యాబ్‌లూ మా ఇంట్లోనే తిరుగుతుంటాయి. నేను గ్రూప్స్‌కి చదివింది 11 అంగుళాల బడ్జెట్ ట్యాబ్ మీద, ఇప్పటికీ దాన్నే వాడుతున్నాను. నాన్నగారి దగ్గర 8.7 అంగుళాల చిన్నది ఉంది. పొద్దున్నే ఈ-పేపర్ తిరగేయడానికి, ప్రవచనాలు వినడానికి ఆయనకి అదే ఇష్టం. మా అక్క కూతురు ఎంబీబీఎస్ చదువుతోంది, దానికి ఐప్యాడూ, దాని మీద రాసే యాపిల్ పెన్సిలూ ఉన్నాయి. ఒకసారి ముగ్గురం కూర్చుని ఒకే పీడీఎఫ్‌ని మూడింట్లోనూ తెరిచి చూశాం. బడ్జెట్‌తో పాటు ప్రభుత్వం విడుదల చేసే తెలంగాణ సోషియో ఎకనామిక్ అవుట్‌లుక్ అది. గ్రూప్-2 మూడో పేపర్‌కి చదవక తప్పదు కాబట్టి మీ చెల్లెలి దగ్గర కూడా ఉండే ఉంటుంది.

నాన్నగారి ట్యాబ్‌లో జిల్లాల వారీ పట్టికలు చదవడం మా ముగ్గురి వల్లా కాలేదు. రెండు వేళ్లతో పెద్దది చేయాలి, పక్కకి జరపాలి, ఈలోపు ఏ వరుసలో ఉన్నామో మర్చిపోతాం. నా దాంట్లో పట్టిక మొత్తం ఒకేసారి కనిపించింది, అంకెలు చిన్నవే అయినా చదవగలిగాం. ఐప్యాడ్‌లో ఇంకా స్పష్టంగా ఉంది. కానీ నా దానికీ ఐప్యాడ్‌కీ ఉన్న తేడా కంటే, చిన్న ట్యాబ్‌కీ నా దానికీ ఉన్న తేడాయే చాలా ఎక్కువ.

ఎందుకో లెక్క వేస్తే తెలిసిపోతుంది. ఏ4 కాగితం వెడల్పు 21 సెంటీమీటర్లు. 8.7 అంగుళాల ట్యాబ్‌ని నిలువుగా పట్టుకుంటే స్క్రీన్ వెడల్పు 11 సెంటీమీటర్ల పైచిలుకు. పేజీ దాదాపు సగానికి కుదించుకుపోయి, 12 పాయింట్ల అక్షరం ఆరున్నర పాయింట్లకి దిగుతుంది. 11 అంగుళాల ట్యాబ్‌లో వెడల్పు దాదాపు 15 సెంటీమీటర్లు, అదే అక్షరం ఎనిమిదిన్నర పాయింట్లు ఉంటుంది. ఇప్పటి మామూలు ఐప్యాడ్‌లో దాదాపు 16 సెంటీమీటర్లు, అక్షరం 9 పాయింట్లు. ఇంగ్లిష్ పుస్తకాలైతే ఆరున్నర పాయింట్లలో కూడా కష్టపడి చదివేయొచ్చు. తెలుగులో అది కుదరదు. 'రాష్ట్ర' కింద ఉన్న రెండు వత్తులూ కలిసిపోయి మచ్చలా కనిపిస్తాయి. స్కాన్ చేసిన పాత పుస్తకమైతే ప ఏదో ష ఏదో వాక్యాన్ని బట్టి ఊహించుకోవాలి. తెలుగు మీడియంలో చదివేవాళ్లకి సైజు ఎంత ముఖ్యమో ట్యాబ్‌ల గురించి చెప్పే ఇంగ్లిష్ వీడియోల్లో ఎవరూ చెప్పరు.

2022 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకి ఇచ్చినవి 8.7 అంగుళాల ట్యాబ్‌లే. వీడియో పాఠాలు చూడటానికి, పిల్లలు చేత్తో పట్టుకుని తిరగడానికి ఆ సైజు బాగానే ఉంటుంది. ఏ4 పేజీల పీడీఎఫ్‌లు నెలల తరబడి చదవాల్సినవాళ్లకి మాత్రం వద్దు. రెండు మూడు వేలు తగ్గుతుందని చిన్నది తీసుకోకండి.

ఇక పెన్ను సంగతి. ఖరీదైన ట్యాబ్‌లు తమ ధరకి న్యాయం చేసేది ఇక్కడే. మా అక్క కూతురు అనాటమీ నోట్స్ రాసేటప్పుడు పక్కన కూర్చుని చూశాను. నరాలు ఎక్కడ చీలి ఎటు వెళ్తాయో గీస్తుంది, తప్పు పోతే చెరిపేస్తుంది, రంగు మారుస్తుంది, ఒక కొమ్మని పెద్దది చేసి దాని పక్కనే చిన్న అక్షరాలతో పేర్లు రాస్తుంది. అరచేయి స్క్రీన్ మీద ఆనించే రాస్తుంది, అయినా పేజీ కదలదు, గీత పెన్ను మొన వెంటే వస్తుంది. అది కాగితం నోట్స్ దాదాపు మానేసినట్టే. అలాంటి చదువుకి 40 వేలు పెట్టడం ముమ్మాటికీ సబబే అంటాను.

నా ట్యాబ్ మీద అదే పని రెండు వందల రూపాయల రబ్బరు మొన పెన్నుతో చేస్తే ఎలా ఉంటుందో కూడా చెప్పాలి. అరచేయి ఆనిందంటే పేజీ జరిగిపోతుంది, లేదా అడ్డంగా ఇంకో గీత పడుతుంది. గీత మొనకి వెనకాల వస్తుంది. తెలుగులో రాస్తే అక్షరం అంగుళం ఎత్తుంటే తప్ప వత్తు విడిగా కనిపించదు. పీడీఎఫ్‌లో ముఖ్యమైన లైన్లకి రంగు పూయడానికి, టిక్కు పెట్టడానికి మాత్రం వేలే సరిపోతుంది, ఆ పెన్ను కూడా అక్కర్లేదు. బడ్జెట్ ట్యాబ్ అమ్మేటప్పుడు 'పెన్ను కూడా పనిచేస్తుంది' అంటారు. ఆ ట్యాబ్ కోసమే తయారైన పెన్ను ఉందా అని అడగండి. రబ్బరు మొన పెన్ను ఏ టచ్ స్క్రీన్ మీదైనా పనిచేస్తుంది, దాని వల్ల రాసుకోవడానికి వీలైనట్టు కాదు.

ఐప్యాడ్ కొంటే పెన్సిల్ విడిగా కొనాలని గుర్తుపెట్టుకోండి. ఏ16 చిప్ ఉన్న ఐప్యాడ్ 2025లో 128 జీబీతో రూ.34,900కి వచ్చింది. యూఎస్‌బీ-సీ పెన్సిల్ ధర రూ.7,900. కవర్, స్క్రీన్ గార్డ్ కలిపితే 43, 44 వేల దగ్గర తేలుతుంది. అందుకే 35 వేలకీ 13 వేలకీ పోలిక పెట్టడం సరికాదు. రాసుకోవడం నిజంగా అవసరమైతే, 30 వేల చుట్టుపక్కల దొరికే శాంసంగ్ ట్యాబ్‌లలో ఎస్ పెన్ బాక్సులోనే వస్తుంది. ట్యాబ్ ఎస్6 లైట్, ఎస్9 ఎఫ్ఈ అలాంటివే. రాయడానికి ఆ పెన్నుకి ఛార్జింగ్ కూడా అక్కర్లేదు.

మీ చెల్లెలి విషయంలో ఇంకొక మాట ఆలోచించండి. తెలంగాణ గ్రూప్-2లో నాలుగు పేపర్లు, ఒక్కోటి 150 మార్కులు, అన్నీ బిట్లే, జవాబులు ఓఎంఆర్ షీట్ మీద. పెద్ద పెద్ద వ్యాసాలు రాసే పరీక్ష కాదు. రేపు ఆమె గ్రూప్-1 మెయిన్స్‌కి వెళ్లినా, అక్కడ మూడు గంటలు కాగితం మీద పెన్నుతో రాయాలి. ఆ చేతి వేగం, నొప్పి తట్టుకునే అలవాటు స్క్రీన్ మీద రాస్తే రావు. నేను రాసే ప్రాక్టీస్ అంతా లాంగ్ నోట్‌బుక్స్‌లోనే చేశాను. చదవడం ట్యాబ్‌లో, రాయడం పుస్తకంలో. ఆమెకీ అదే సలహా ఇస్తాను.

బడ్జెట్ ట్యాబ్‌లో నిజంగా విసిగించేది మెమరీ. 4 జీబీ ర్యామ్ ఉన్నదాంట్లో క్లాసు ఆపి, పీడీఎఫ్ తెరిచి, మళ్లీ క్లాసుకి వెళ్తే యాప్ మొదటి నుంచి లోడ్ అవుతుంది. లాగిన్ అయి, వీడియో వెతుక్కుని, ఆపిన చోటు పట్టుకోవాలి. రోజుకి పదిసార్లు ఇలా జరిగితే చదువు మీద ధ్యాస పోతుంది. 6 జీబీ అయినా తీసుకోండి, 8 ఉంటే మరీ మంచిది. బాక్సు మీద '8+8 జీబీ' అని ఉంటే రెండో ఎనిమిదిని లెక్కలోకి తీసుకోకండి. అది స్టోరేజ్‌లో కొంత భాగాన్ని ర్యామ్ బదులు వాడుకోవడమే, అసలు ర్యామ్ అంత వేగంగా ఉండదు. పైగా ఈ ధరలో స్టోరేజ్ ఎక్కువగా ఈఎంఎంసీ రకం, ఖరీదైనవాటిలో ఉండే యూఎఫ్ఎస్ కంటే బాగా నెమ్మది. స్కాన్ చేసిన పెద్ద పీడీఎఫ్‌లో పేజీ తిప్పితే ముందు మసకగా వచ్చి, ఒక క్షణం ఆగి అక్షరాలు తేరుకుంటాయి. దానికి అలవాటు పడ్డాను, ఇప్పుడు ఇబ్బంది అనిపించదు. స్టోరేజ్ నిండే కొద్దీ ఇంకా నెమ్మదిస్తుంది కాబట్టి 64 జీబీ వద్దు, 128 తీసుకోండి. ఎస్‌డీ కార్డు వేసుకునే వీలుండటం ఈ ట్యాబ్‌ల గొప్ప సౌకర్యం, ఐప్యాడ్‌లో అది లేదు. అయితే కోచింగ్ యాప్‌లో డౌన్‌లోడ్ చేసిన క్లాసులు చాలావరకు ట్యాబ్ సొంత స్టోరేజ్‌లోనే కూర్చుంటాయి, కార్డులోకి వెళ్లవు.

కోచింగ్ యాప్ గురించి కొనేముందే విచారించండి. కొన్ని చిన్న సంస్థల యాప్‌లు ఆండ్రాయిడ్‌కే ఉంటాయి. కొన్ని ఒక్క పరికరంలోనే లాగిన్ అవనిస్తాయి, ఫోన్ నుంచి ట్యాబ్‌కి మారాలంటే వాళ్లకి ఫోన్ చేసి మార్పించుకోవాలి. 40 వేలు పెట్టి ఐప్యాడ్ కొన్నాక యాప్ లేదని తెలిస్తే ఎంత బాధో ఊహించండి.

ఏడాదికే మూలన పడుతుందన్న భయం గురించి. అది పేరూ ఊరూ లేని ఐదారు వేల ట్యాబ్‌ల విషయంలో నిజం. వాటిలో చాలావాటికి వీడియోలు హెచ్‌డీలో రావడానికి కావాల్సిన వైడ్‌వైన్ ఎల్1 అనుమతి ఉండదు, నెట్‌ఫ్లిక్స్ లాంటివి 480పీకి మించి రావు. 2011లో వచ్చిన ఆకాశ్ ట్యాబ్లెట్ మీకు గుర్తుందేమో, ఏడంగుళాల స్క్రీన్, గట్టిగా నొక్కితే గానీ టచ్ పలికేది కాదు. చవక ట్యాబ్ అంటే మన పెద్దవాళ్ల మనసులో ఇంకా అదే ఉంది. కాలం చాలా మారింది. 2024లో రెడ్‌మీ ప్యాడ్ ఎస్ఈ రూ.12,999 నుంచి మొదలైంది, 11 అంగుళాలు, 1920×1200 స్క్రీన్, 8000 ఎంఏహెచ్ బ్యాటరీ. చదువుకునేవాళ్లకి ఇంతకంటే ఏం కావాలి?

అయితే ఎన్నేళ్లు వస్తుందన్న విషయంలో ఐప్యాడ్‌దే పైచేయి, దాన్ని కాదనలేం. 2019లో వచ్చిన ఏడో తరం ఐప్యాడ్‌కి 2024 నాటి ఐప్యాడ్ ఓఎస్ 18 కూడా వచ్చింది. 13 వేల ఆండ్రాయిడ్ ట్యాబ్‌కి అన్నేళ్లు కొత్త వెర్షన్లు రావు. మీ చెల్లెలికి కావాల్సింది రెండు మూడేళ్లు నమ్మకంగా పనిచేసేది. అందుకు ఇది చాలు.

రిపేరు విషయంలో మాత్రం ముందే మనసు సిద్ధం చేసుకోవాలి. నా ట్యాబ్ ఛార్జింగ్ పోర్ట్ లూజ్ అయితే సర్వీస్ సెంటర్‌లో పార్ట్ రావాలన్నారు. వారాలు గడిచినా రాలేదు, ఎప్పుడు ఫోన్ చేసినా అదే జవాబు. పరీక్ష దగ్గర పడుతుంటే ఆ టెన్షన్ మామూలుగా లేదు. చివరికి హనుమకొండలో ఫోన్లు బాగు చేసే చిన్న షాపాయన వేరే పోర్ట్ తెచ్చి బిగించారు. కాబట్టి మీ ఊళ్లో లేదా దగ్గరి పట్నంలో ఏ కంపెనీ సర్వీస్ సెంటర్ ఉందో చూసుకునే కొనండి.

ఛార్జింగ్ నెమ్మదిగా ఎక్కుతుంది. 8000 ఎంఏహెచ్ బ్యాటరీకి 10 వాట్ల ఛార్జింగ్ అంటే మూడు గంటల పైమాటే. రాత్రి పెట్టి పడుకుంటే సరిపోతుంది. సిమ్ ఉన్న మోడల్‌కి అదనంగా డబ్బు పెట్టకండి, ఫోన్ హాట్‌స్పాట్ చాలు.

సెకండ్ హ్యాండ్ ఐప్యాడ్ ఆలోచన కూడా వస్తుంది. పాత ఐప్యాడ్‌లలో బ్యాటరీ ఎంత అరిగిందో సెట్టింగ్స్‌లో కనిపించదు, కంప్యూటర్‌కి కలిపి చూడాలి. అలా చూపించేవాళ్ల దగ్గర, బిల్లుతో దొరికితేనే తీసుకోండి.

మీ ఇంట్లో పరిస్థితికి నేనైతే ఇలా చేస్తాను: 11 అంగుళాలు, 8 జీబీ ర్యామ్, 128 జీబీ, సర్వీస్ సెంటర్ దగ్గరున్న కంపెనీ, దసరా దీపావళి సేల్‌లో కార్డు డిస్కౌంట్‌తో 15, 16 వేలకి దొరికేది. మిగిలిన డబ్బులో కొంత టెస్ట్ సిరీస్‌కి, కొంత ముఖ్యమైన పీడీఎఫ్‌లు జిరాక్స్ తీయించి బైండింగ్ చేయించడానికి. కొన్న రోజే ఆమె వాడే కోచింగ్ యాప్ వేసి, ఒక గంట క్లాసు పెట్టి, మధ్యమధ్యలో సోషియో ఎకనామిక్ అవుట్‌లుక్ పీడీఎఫ్ తెరిచి పట్టికలు చదివి చూడమనండి. క్లాసు మళ్లీ మొదటి నుంచి లోడ్ అవుతున్నా, అంకెల కోసం కళ్లు చిట్లించాల్సి వస్తున్నా, రిటర్న్ గడువు లోపలే వెనక్కి ఇచ్చేయండి.