పడక సీను వేయబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

శ్రీరామనవమి పందిట్లో మీ కుర్రాళ్ళంతా కలిసి పద్యనాటకం వేస్తున్నారని అమ్మ చెప్పింది. కురుక్షేత్రం మొత్తం వేద్దామని మొదలెట్టి చివరికి పడక సీను దగ్గర ఆగారట. అదే, యుద్ధానికి సాయం అడగడానికి దుర్యోధనుడు, అర్జునుడు వచ్చేసరికి కృష్ణుడు పడుకుని ఉండే సీను. మంచి పని చేశారు. ముగ్గురు నటులు, ఒక మంచం, ఒక ఆసనం, వెనకాల ఒక తెర, అంతే. డబ్బుకు నటుల్ని కుదుర్చుకుని వేసే కాంట్రాక్టు నాటకాల వాళ్ళు ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అని సీనుకొకరిని దించి తెల్లవార్లూ వేస్తారంటే, ఆ పద్యాలు ఏళ్ళ తరబడి వాళ్ళ నోట్లో నానాయి. మీకున్నది నలభై రోజులు. ఒక్క సీను నలభై నిమిషాల్లో శుభ్రంగా వేస్తే చాలు. నలభై నిమిషాలు దాటిందంటే పద్యాలు ఎక్కువై కాదు, రాగాలు ఎక్కువై దాటిందని తెలుసుకో.

హార్మోనియం ఇప్పుడే తెప్పించకు. మొదటి పది రోజులు శ్రుతి మాటే వద్దు. ఒక్కో పద్యాన్ని పుస్తకంలో ఉన్నట్టు నాలుగు పాదాలుగా కాకుండా, సంధులు విడదీసి వచనంలా ఒక కాగితం మీద రాయండి. కింద ప్రతిపదార్థం రాయండి. ఆ కాగితం చూస్తూ, ఎదుటివాడితో మాట్లాడినట్టు రోజుకు పదిసార్లు చెప్పండి. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో అక్కడ ఎర్ర పెన్సిలుతో గీత పెట్టుకోండి. ఈ గీతలే రేపు మీ నాటకాన్ని నిలబెడతాయి.

ఎందుకంటున్నానో చెబుతాను. ‘జెండాపై కపిరాజు’ తీసుకో. మీ సీనులోది కాదు, రాయబారంలో కృష్ణుడు దుర్యోధనుడితో అనేది. అందరి నోటా ఉన్న పద్యం కాబట్టి తప్పు ఎక్కడ పడుతుందో తేలిగ్గా కనిపిస్తుంది. ఛందస్సు శార్దూలం, పాదానికి 19 అక్షరాలు, యతిస్థానం 13వ అక్షరం. మొదటి పాదంలో ‘ముందు సితవాజిశ్రేణియుం గూర్చి నే’ అని ఉంది కదా, అందులో 13వ అక్షరం ‘జి’. యతి దగ్గర ఆగాలనుకుని ‘సితవా’ అని ఆపి, ‘జిశ్రేణి’ అని అందుకునేవాళ్ళు బోలెడుమంది. తెల్లగుర్రం రెండు ముక్కలైపోతుంది. తెలుగులో యతి అంటే అక్షరాల మైత్రి, చెవికి తగలవలసిన పోలిక. అక్కడ ఆగమని అర్థం కాదు. ఇక పాదం చివర ‘నే’ అంటే నేను. ఆ ‘నేను’ చేసే పని రెండో పాదంలో ఉంది, రథం తోలడం. ‘నే’ మీద రాగం తీస్తే కర్త ఇక్కడ, క్రియ అక్కడ.

మూడో పాదం ఇంకా గడ్డు. అది ‘చెండుచున్నప్పుడొ’ అని ముగుస్తుంది, నాలుగోది ‘క్కండున్’ అని మొదలవుతుంది. ‘ఒక్కండున్’ అనే మాట రెండు పాదాల మధ్య చీలి ఉంది. పాదం అయిపోయింది కదా అని ‘డొ’ మీద గొంతు సాగదీస్తే ఆ అక్షరానికి అర్థమే లేదు. ‘చెండుచున్నప్పుడు’ అన్నాక రెప్పపాటు ఊపిరి తీసుకుని, ‘ఒక్కండున్ నీ మొర’ అని ఒకే ఎత్తులో అందుకోవాలి. అప్పుడు వింటున్నవాడికి భయం పుడుతుంది: యుద్ధం మొదలయ్యాక నీ మొర ఒక్కడూ వినడురా అని. పద్యం మొత్తం ఆ ఒక్క మాట కోసమే కట్టారు. మీ సీనులోని ప్రతి పద్యాన్నీ ఇలాగే విప్పి చూసుకో. ఊపిరి అర్థం దగ్గర, రాగం పద్యం చివర. మధ్యలో రాగం తీయాలనిపిస్తే ఆ మాట పూర్తయిన అచ్చు మీదే తీయాలి.

దీర్ఘాలాపన లేకపోతే పద్యనాటకమే కాదని మీ ఊళ్ళో పెద్దలు అనొచ్చు. వాళ్ళమీద నాకు గౌరవమే. బళ్ళారిలో నాటకకర్త ధర్మవరం రామకృష్ణమాచార్యుల కాలం నుంచి పద్యాన్ని రాగయుక్తంగా పాడటం మన నాటకానికి ప్రాణమైంది. మైకు లేని రోజుల్లో వేలమంది జనం కూర్చుంటే, చివరి వరుసదాకా చేరేది పైస్థాయిలో సాగదీసిన గొంతు ఒక్కటే. ఆ రాగానికి ఒక అవసరం ఉండేది. మైకు వచ్చాక అవసరం పోయింది, అలవాటు మిగిలింది. పీసపాటి నరసింహమూర్తి కృష్ణుడి పద్యాలు వెతికి విను. మాట మాట తెలుస్తుంది, రాగం మాటకు వెనకే నడుస్తుంది. ఆ తర్వాత ఈలపాట రఘురామయ్యను విను. గొంతులో ఆ సొగసు చూసి ముచ్చటపడు, కానీ అనుకరించకు. ఆ గొంతు ఆయనది.

పదకొండో రోజున హార్మోనియం తెప్పించు. శ్రుతి ఎంచుకునేటప్పుడు అందరూ చేసే పొరపాటు, పొద్దున్నే తాజాగా ఉన్న గొంతుతో ఎంచుకోవడం. అలా కాదు. సీనంతా ఒకసారి గొంతెత్తి చెప్పించి, అలసిపోయాక, అన్నిటికంటే పైకి వెళ్ళే పద్యం పాడించు. అప్పుడు పై స్వరం చీలకుండా పలికిన శ్రుతి ఏదో చూసి, దానికి అరశ్రుతి తగ్గించు. నాలుగున్నర శ్రుతిలో పాడగలిగితే నాలుగులో పాడాలి. పాతకాలం నటులు ఐదులో, ఐదున్నరలో పాడారని పోటీకి పోతే రెండో పద్యానికే గొంతు బొంగురుపోతుంది, మూడో పద్యానికి దగ్గు. ముగ్గురికీ ఒకే శ్రుతి కుదిరితే అదృష్టం. కుదరకపోతే అరశ్రుతికి మించి తేడా రాకుండా చూసుకో. లేదంటే ఒకరి పద్యం అయ్యాక ఇంకొకరు అందుకునే చోట జనం చెవి గుచ్చుకుంటుంది.

రాగాల విషయంలో ఎక్కువ ఆలోచించకండి. కృష్ణుడి పలకరింపులకు మోహన, దుర్యోధనుడి దర్పానికి అఠాణా లేదా కేదారగౌళ, అర్జునుడి వినయానికి కల్యాణి చాలు. మనసు మారినప్పుడే రాగం మారాలి. పద్యానికొక రాగం చొప్పున మారిస్తే కచేరీ అవుతుంది.

హార్మోనిస్టుతో ముందే మాట్లాడుకో. వచనంలో చివరి రెండు మాటల దగ్గర ఆధార షడ్జం, అంటే శ్రుతికి మూలమైన ‘స’, మెల్లగా అందించాలి, నటుడు ఆగి శ్రుతి వెతుక్కునే పరిస్థితి రాకూడదు. పద్యం నడుస్తుంటే ఆధారశ్రుతి తప్ప ఏమీ వాయించకూడదు. వేళ్ళు ఆడించుకోవాలంటే నటుడు ఊపిరి తీసుకునే సందులోనే. తబలాకు పద్యంలో పని లేదు, పద్యానికి తాళం ఉండదు. చివరి రాగం ముగిశాక ముక్తాయింపు, అంటే ముగింపు దరువు, ఒక్కటి వేస్తే సరి.

ఇక మంచం. చాలామంది తేలిగ్గా తీసుకునేది ఇదే, కానీ సీనంతా దాని చుట్టూనే తిరుగుతుంది. కృష్ణుడు లేవగానే ముందు అర్జునుణ్ణి చూడాలి. తలవైపు దుర్యోధనుడు కూర్చుని ఉన్నాడు కాబట్టి కనపడలేదు. ఇది జనానికి మాటల్లో చెప్పకుండా కంటికి తెలియాలి. మంచాన్ని ప్రేక్షకులకు అడ్డంగా, కొంచెం ఏటవాలుగా వెయ్యి. తలవైపు జనానికి ఎడమపక్క, తెరకు దగ్గరగా. కాళ్ళవైపు కుడిపక్క, రెండడుగులు ముందుకు. అర్జునుణ్ణి సరిగ్గా పాదాల ఎదుట నిలబెడితే అతని వీపే జనానికి కనిపిస్తుంది. పాదాల దగ్గరే, మంచానికి అవతలి అంచున నిలబెట్టు. దుర్యోధనుడి ఆసనం తలగడకు వెనగ్గా, మంచం కంటే ఒక జానెడు ఎత్తులో ఉండాలి. కృష్ణుడు లేచి కూర్చుంటే చూపు తిన్నగా అర్జునుడి మీద పడుతుంది. ఆ తర్వాత కాళ్ళు జనంవైపు దించి కూర్చుంటే ఎడమచేతి పక్క అర్జునుడు, కుడిచేతి పక్క దుర్యోధనుడు. ఎవరివైపు తిరిగినా మొహం దాగదు.

మంచం ఎత్తు అడుగున్నర చాలు. మెత్తటి పరుపు వేయకండి. మెత్తగా ఉంటే కూర్చున్నప్పుడు పొట్ట ముడుచుకుపోయి ఊపిరి అందదు, పద్యం మధ్యలో తెగుతుంది. చెక్క మీద రెండు దుప్పట్లు మడిచి, పైన పట్టుబట్ట పరిస్తే అదే హంసతూలికా తల్పం. నాలుగు కాళ్ళకింద గోనెసంచి ముక్కలు పెట్టు, కిర్రుమన్నదంటే మైకులో తలుపు తీసినట్టు వినిపిస్తుంది.

పడుకున్న కృష్ణుడి పాట్లు ఎవరూ చెప్పరు. ఇద్దరూ వచ్చి వాళ్ళ పద్యాలు ముగించేదాకా ఏడెనిమిది నిమిషాలు కదలకుండా ఉండాలి. కిరీటం తలగడకు తగిలి ముందుకు జారుతుంది. కాబట్టి వెల్లకిలా వద్దు. భుజం కింద గుండ్రటి బాలీసు పెట్టి, తల చేతిమీద ఆనించి, జనంవైపు వాలుగా పడుకోవాలి. కళ్ళు గట్టిగా మూస్తే రెప్పలు అదురుతాయి, కిందికి చూస్తున్నట్టు సగం మూస్తే అదరవు. అంతసేపు మౌనంగా ఉన్నాక గొంతు ఎండిపోతుంది. లేవగానే పద్యం ఎత్తుకోకూడదు. ఒళ్ళు విరుచుకుని, గుటక వేసి, అర్జునుణ్ణి చూసి నవ్వి, అప్పుడు. ఆ నాలుగు క్షణాలూ నటన అవుతాయి, గొంతుకూ విశ్రాంతి.

దుర్యోధనుణ్ణి పలకరించే ‘బావా ఎప్పుడు వచ్చితీవు’ దగ్గర జాగ్రత్త. అది కుశలప్రశ్న. తమ్ముళ్ళు బాగున్నారా, కొడుకులు బాగున్నారా అని వరసగా అడుగుతున్నాడు. ‘బావా’ అని అరనిమిషం సాగదీస్తే ఎదుట కూర్చున్నవాడు ఏం చేయాలి? పిలుపు పిలుపులాగే ఉండాలి. ప్రశ్న ప్రశ్నకూ చిన్న సందు ఇవ్వు, దుర్యోధనుడు తల ఊపడానికి. కర్ణుడి పేరు వచ్చినచోట అతని చెయ్యి మీసం మీదికి వెళ్ళిందనుకో, జనం వాళ్ళంతట వాళ్ళే నవ్వుతారు.

డ్రెస్ కంపెనీ నుంచి కిరీటాలు, భుజకీర్తులు ఆఖరి రెండు రిహార్సల్సుకే తెప్పించండి. ఒకరోజు అద్దె ఎక్కువైనా పరవాలేదు. కిరీటం పెట్టుకుంటే తల తిప్పడం మారుతుంది, పైకెత్తి పాడటం మారుతుంది. లోపల పాత నూలుగుడ్డ చుట్ట పెడితే చెమటకు జారదు. దుర్యోధనుడి మీసం రంగు వేయకముందే, పొడిచర్మం మీద స్పిరిట్ గమ్ అనే వేషాల జిగురుతో అంటించాలి. రంగు మీద అంటిస్తే పందిట్లో వేడికి పావుగంటలో ఊడుతుంది. మీసంతో రెండు రోజులు పద్యాలు చెప్పించు, ప, బ, మ పలికేటప్పుడు పైపెదవి బిగుసుకుంటుంది.

కాలరు మైకు ఛాతీ మీద పెడితే హారాలు తగిలి టకటక మంటుంది. కిరీటం ముందంచు లోపల, నుదుటి పైన టేపుతో అంటించండి. మైకులు అద్దెకు దొరక్కపోయి స్టాండు మైకులే దిక్కయితే, మంచానికి ముందు ఒకటి, రెండు పక్కలా రెండు. పద్యం రాగానే నటుడు మైకు దగ్గరికి నడిచివెళ్ళి జనానికి పాడటం మాత్రం వద్దే వద్దు. మైకే మనిషి దగ్గరికి రావాలి.

సుదర్శనం తిప్పడం, పొగలు రప్పించడం లాంటివి ఎవరైనా సలహా ఇస్తే సున్నితంగా తప్పించుకో. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలుపెట్టిన సురభి కుటుంబాల వాళ్ళు ఆ ట్రిక్కులు తరతరాలుగా సాధన చేశారు. మీకు పద్యం చాలు.

పక్కతెర వెనక పద్యం అందించే మనిషిని మొదటిరోజు నుంచే పెట్టుకో. మర్చిపోతే పాదమంతా చెప్పకూడదు, తర్వాతి మాట ఒక్కటి, అదీ నటుడు ఊపిరి తీసుకునే సందులో. ఎర్ర పెన్సిలు గీతలున్న కాగితమే అతని చేతిలోనూ ఉండాలి. వన్స్‌మోర్ అని అరిస్తే ఏం చేయాలో ముందే ముగ్గురూ అనుకోండి. సీను మొత్తానికి ఒక్కటి ఒప్పుకో, అదీ కృష్ణుడికే. దుర్యోధనుడికి రెండోసారి పాడనిస్తే అతని కోపం చల్లారిపోతుంది.

ఆ రోజు సాయంత్రం నాలుగు తర్వాత పెరుగన్నం, ఐసు నీళ్ళు ముట్టకండి. గోరువెచ్చని నీళ్ళు ఫ్లాస్కులో పక్కతెర దగ్గర ఉంచండి. మీ పద్యాల కాగితాలు గీతలు పెట్టాక ఫోటో తీసి పంపు, ఊపిరి ఎక్కడ తప్పిందో చూసి రాస్తాను.

ఇట్లు,
మీ మామయ్య